మెర్రీ అంటే మొదట్లో ‘కురచ’ అని అర్థం

ఉగాదికి హ్యాపీ, సంక్రాంతికి హ్యాపీ, దీపావళికి హ్యాపీ, పుట్టినరోజుకి, పెళ్లిరోజుకి, ఆఖరికి టీచర్స్ డేకి కూడా హ్యాపీయే. ఒక్క క్రిస్మస్ వచ్చేసరికి మాత్రం ఎవరూ నేర్పకుండానే అందరి వేళ్లూ ఫోన్ మీద ‘మెర్రీ’ అని కొట్టేస్తాయి. అదే మెసేజ్‌లో పక్కనే, వారం తర్వాత వచ్చే కొత్త సంవత్సరానికి మళ్లీ హ్యాపీ. ‘మెర్రీ న్యూ ఇయర్’ అంటే ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘మెర్రీ సంక్రాంతి’ అంటే నవ్వొస్తుంది.

పోనీ క్రిస్మస్ పక్కన కాకుండా ఈ మాటని విడిగా ఎవరైనా వాడగా విన్నారా? ‘ఇవాళ నేను చాలా మెర్రీగా ఉన్నాను’ అని ఇంగ్లీష్ వాళ్లే ఇప్పుడు అనరు. అంటే, రెండు పెగ్గులు వేసొచ్చాడేమో అనుకుంటారు, దాని సంగతి తర్వాత. దీని తోబుట్టువు ‘మర్త్’ అయితే ఇంకా మూలన పడింది. నవ్వు, ఉల్లాసం, సంబరం అన్నీ కలిసిన మాట అది, ఇప్పుడు పాత కవిత్వంలోనూ పాత బైబిల్ అనువాదంలోనూ తప్ప పెద్దగా కనబడదు. మెర్రీకి ‘త్’ తోక తగిలిస్తే మర్త్. వార్మ్ నుంచి వార్మ్‌త్, వైడ్ నుంచి విడ్త్, స్లో నుంచి స్లోత్ వచ్చినట్టే. స్లోత్ అంటే బద్ధకం, చెట్టుకి వేలాడే ఆ జంతువుకి ఆ పేరు అందుకే.

సంతోషాన్ని చెప్పే ఇంగ్లీష్ మాటల పుట్టుక చూస్తే ఒక్కోటీ ఒక్కో దిక్కు నుంచి వచ్చింది. హ్యాపీలో ఉన్న ‘హ్యాప్’ అంటే అదృష్టం, కాబట్టి హ్యాపీ అంటే మొదట్లో కలిసొచ్చినవాడు. గ్లాడ్ అంటే మెరిసేది, తళతళలాడేది. చీర్ అనేది పాత ఫ్రెంచ్‌లో ముఖం, గుడ్ చీర్ అంటే మంచి మొహం పెట్టుకోవడం. అదృష్టం, మెరుపు, ముఖం, ఇవన్నీ మనం ఊహించుకోగలం, మనకీ ‘మొహం వెలిగిపోతోంది’, ‘మొహం చిన్నబోయింది’ ఉన్నాయి కదా. మెర్రీ దగ్గరే చిక్కు. దాని వేరు తవ్వుకుంటూ పోతే అడుగున సంతోషం లేదు, నవ్వు లేదు. ఉన్నదల్లా ‘కురచ’, పొట్టి, తక్కువ నిడివి.

కురచకీ సరదాకీ ఏం సంబంధం?

ముందు మెర్రీ పాత రోజుల్లో ఎలా ఉండేదో చూద్దాం. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీష్‌లో ఇది ‘మ్యుర్గె’, ‘మ్యురిగె’ లాంటి రూపాల్లో ఉండేది, ఇప్పటిలాగా మనుషుల మూడ్ గురించి చెప్పే మాట కాదు. హాయిగొలిపే వస్తువుల గురించి, పరిస్థితుల గురించి చెప్పేది. పాట మెర్రీ, వాతావరణం మెర్రీ, ఊరు మెర్రీ. అంటే ‘వినసొంపుగా ఉంది’, ‘ఆహ్లాదంగా ఉంది’ అని మనం అనే చోట అది పడేది. మనిషి మెర్రీగా ఉండటం, నవ్వుతూ తుళ్లుతూ ఉండటం అనే అర్థం ఆ తర్వాత బలపడింది. అంటే సుఖాన్నిచ్చే దాని పేరు మెల్లగా ఆ సుఖం పొందేవాడికి అంటుకుంది.

దీనికి చక్కని సాక్ష్యం ఒక పాట. సుమారు 1225 నాటిది, రాగం గుర్తులతో సహా ఒక పాత కీర్తనల పుస్తకంలోని ఆకు మీద దొరికింది, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఇంగ్లీష్‌లో స్వరంతో సహా మిగిలిన లౌకిక గీతాల్లో అత్యంత పాతవాటిలో ఇదొకటి. మొదటి మాటే ‘మిరీ’. పక్షుల పాటలతో వేసవి ఉన్నంతకాలం మెర్రీగా ఉంటుంది, ఇప్పుడేమో గాలీ చెడు వాతావరణమూ మీదికి వస్తున్నాయి అంటాడు. మండుటెండల్లో చెమటలు కక్కే మనకి వేసవి హాయి అంటే ఒళ్లు మండుతుంది కానీ, అక్కడ వేసవి అంటే వెలుతురు, పంట, వెచ్చదనం. ఆ తర్వాత వచ్చే పాదం చూడండి: ‘అయ్యో, ఈ రాత్రి ఎంత పొడుగు!’

మెర్రీకి ఎదురుగా ఆ కవి పెట్టింది ఏడుపు కాదు, పొడుగు. ఆ మాట పుట్టుక అతనికి తెలిసి రాశాడని నేననను, అప్పటికే ఆ వేరు ఎవరికీ గుర్తులేనంత లోతుకి పోయింది. కానీ ఆ రెండూ అలా ఎదురెదురు కూర్చోవడం చూస్తే నాకు భలే అనిపిస్తుంది.

వేరు దగ్గరికి వద్దాం. ఇంగ్లీష్, జర్మన్, డచ్, స్వీడిష్ లాంటి భాషలన్నిటికీ ఒక పాత తల్లి భాష ఉంది, దాన్ని జర్మానిక్ అంటారు. రాతలో మిగల్లేదు, పిల్ల భాషల్ని పక్కపక్కన పెట్టి పండితులు లెక్కగట్టి తిరిగి కట్టుకున్న భాష అది. అందులో మెర్రీకి మూలం ‘ముర్గియజ్’ లాంటి రూపం, అర్థం కురచ. ఇది వట్టి ఊహ అనుకోనక్కర్లేదు, ఎందుకంటే ఆ కుటుంబంలో బాగా పాతకాలపు రాత మిగిలిన భాష గోథిక్. క్రీస్తుశకం 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని ఆ భాషలోకి తెచ్చాడు. మార్కు సువార్త 13వ అధ్యాయం 20వ వచనం, ప్రభువు ఆ దినాలను తక్కువ చెయ్యకపోతే ఎవరూ తప్పించుకోలేరు అనేది, తెలుగు బైబిల్ చదివేవాళ్లకి తెలిసిన వచనమే. అక్కడ ‘తక్కువ చెయ్యడం’ అన్నచోట వుల్ఫిలా వాడిన క్రియ ‘గమవుర్గ్యన్’. అందులోని ‘మవుర్గ్’, మెర్రీలోని ‘మెర్’ ఒకటే వేరు. చూడండి, ఆ వచనంలో సంతోషం ఊసే లేదు, ఉన్నదంతా కష్టకాలం. అయినా మాట మాత్రం అదే. పాత జర్మన్‌లోనూ ‘ముర్గ్’ అంటే కురచే.

మరి కురచ నుంచి హాయికి ఎలా వచ్చింది? చాలామంది ఒప్పుకునే వివరణ చాలా సులువు. హాయిగా ఉన్నప్పుడు టైమ్ తెలియదు. కాలాన్ని కురచ చేసేదే మెర్రీ.

ఇది ఇంగ్లీష్ మాటని సమర్థించడానికి కట్టిన కథ కాదని నమ్మకం కలిగేది చుట్టుపక్కల భాషలు చూసినప్పుడు. జర్మన్‌లో సరదాని, వినోదాన్ని ‘కుర్ట్స్‌వైల్’ అంటారు, విడగొడితే ‘కురచ వేళ’. విసుగుని ‘లాంగెవైలె’ అంటారు, విడగొడితే ‘పొడుగు వేళ’. ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. అటు ఉత్తరాన పాత నార్స్ భాషలో ‘స్కమ్మ్’ అంటే పొట్టి, దాన్నుంచి పుట్టిన ‘స్కెమ్త’ అంటే వినోదపరచడం. ఐస్‌లాండ్ వాళ్లు ఇవాళ్టికీ ఏదైనా సరదాగా ఉంటే దానికి ఆ వేరు నుంచి వచ్చిన మాటే వాడతారు. వేరే వేరే వేళ్లు, కానీ ఆలోచన ఒకటే, ముగ్గురూ విడివిడిగా అదే దారి తొక్కారు.

మనమూ తొక్కాం. కాలక్షేపం అనే మాటని ఒక్కసారి నిలబెట్టి చూడండి. కాలాన్ని విసిరెయ్యడం, తోసెయ్యడం, అదీ దాని అర్థం. హరికథా కాలక్షేపం అన్నప్పుడు అందులో భక్తి ఉంది, సంగీతం ఉంది, హాస్యం ఉంది, కానీ పేరు పెట్టింది మాత్రం పొద్దు గడపడం మీద. ‘ఉబుసుపోక’ కబుర్లు, ‘పొద్దుపోక’ వచ్చాను అనడం, సినిమా బాగుంటే ‘మూడు గంటలు మూడు నిమిషాల్లా గడిచిపోయింది’ అనడం, బాగోకపోతే ‘సాగదీశాడు’ అనడం. గమనించండి, బాగోలేని సినిమాని మనం ‘ఏడుపుగా ఉంది’ అనేకంటే ‘ల్యాగ్’ అనేదే ఎక్కువ. మనకి కూడా విసుగంటే పొడుగు.

ఇక్కడిదాకా ఇంగ్లీష్ సంగతి. ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం.

జర్మానిక్‌కి కూడా ఒక తల్లి ఉంది, సంస్కృతానికీ గ్రీకుకీ లాటిన్‌కీ పర్షియన్‌కీ కూడా ఆమే తల్లి. పండితులు ఆ భాషని ఇండో-యూరోపియన్ అంటారు. అందులో కురచ అనే అర్థానికి వాళ్లు కట్టిన మూలరూపం ‘మ్రెఘు’ లాంటిది. గ్రీకులో ఇది ‘బ్రఖుస్’ అయింది, లాటిన్‌లో ‘బ్రెవిస్’ అయింది, రెండిటి అర్థమూ కురచే. ‘మ’ పోయి ‘బ’ ఎలా వచ్చింది అని అనుమానం రావాలి, వస్తే మంచిదే. మాట మొదట్లో ‘మ్ర’ వస్తే గ్రీకువాళ్లు ‘బ్ర’ అంటారు, లాటిన్‌లోనూ ఈ మాటకి అదే జరిగింది. మనకి తెలిసిన ఉదాహరణ అమృతం. గ్రీకు దేవతలు తినేది ఆంబ్రోసియా, అదీ చావులేకపోవడం అనే అర్థంలోంచే వచ్చింది. మన అమృతంలో ‘మృ’ ఉన్నచోటే వాళ్ల ఆంబ్రోసియాలో ‘బ్రో’ ఉంది. ఒక్క మాటలో జరిగితే కాకతాళీయం అనొచ్చు, వరసగా జరిగితే అది సూత్రం. భాషా శాస్త్రం అంతా ఇలాంటి వరసల మీదే నిలబడింది.

సరే, సంస్కృతంలో ఆ ‘మ్రెఘు’ ఏమైంది? ‘ముహు’, ‘ముహుః’ అయింది. అర్థం చటుక్కున, ఒక్క క్షణంలో. ‘మృహు’ అని ఉండాల్సింది ‘ముహు’ అయిందని చెబుతారు. ఋకారం పలచబడి ఉకారం అవ్వడం ప్రాకృతాల్లో మామూలే, సంస్కృతంలో ‘మృదు’ పాళీలో ‘ముదు’, ‘పృచ్ఛతి’ పాళీలో ‘పుచ్ఛతి’. ఆ ముహుః నుంచే ముహూర్తం.

అవును, పెళ్లి ముహూర్తంలో ముహూర్తమే. ‘మెర్రీ క్రిస్మస్’లోని మొదటి మాటా, శుభలేఖలో పంతులుగారు పెట్టించిన మాటా దూరపు చుట్టాలు.

ముహూర్తం అంటే ఇప్పుడు మనకి లెక్క ఉంది. రెండు గడియలు, అంటే 48 నిమిషాలు, పగలూ రాత్రీ కలిపి 30 ముహూర్తాలు. కానీ ఈ లెక్క తర్వాత బిగిసింది. ఋగ్వేదం మూడో మండలంలో విశ్వామిత్రుడు విపాశ, శుతుద్రి నదులతో మాట్లాడే సూక్తం ఒకటుంది, ఇప్పటి బియాస్, సట్లెజ్ అవే. బండ్లతో, మనుషులతో దాటాలి, కాస్త ఆగండమ్మా అని నదుల్ని బతిమాలతాడు. అక్కడ ‘ముహూర్తం’ అంటే 48 నిమిషాలు కాదు, ‘ఒక్క క్షణం’. ఆటోవాడితో ‘ఒక్క నిమిషం ఆగు బాబూ’ అన్నట్టు. ఈ మంత్రానికే వ్యాఖ్యానం చెబుతూ యాస్కుడు, వేదంలోని మాటల పుట్టుక చెప్పే నిరుక్తంలో, ముహూర్తాన్ని ‘ముహుః’, ‘ఋతుః’ అని విడగొట్టి చూపించాడు. ఆ విడగొట్టడాన్ని ఇప్పటి భాషావేత్తలు అలాగే ఒప్పుకోకపోయినా, ముహుః అందులో ఉందన్నంతవరకు ఆయన మాటకి ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది చదివి ఎవరో ఒకరు ‘చూశారా, మెర్రీ మన ముహూర్తం నుంచే పుట్టింది’ అని ఫార్వర్డ్ తయారుచేస్తారని నాకు టెన్షన్. కాదు. మెర్రీకి సంస్కృతం అమ్మ కాదు, పిన్ని. మెర్రీకీ ముహూర్తానికీ అమ్మమ్మ ఒకటే. పైగా తెలుగుకి ఈ చుట్టరికంలో నేరుగా భాగం లేదు, మనది ద్రావిడ కుటుంబం, ముహూర్తం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట.

ఈ పొరపాటు ఎంత సులువో చూపించడానికి ఇంకో జత ఇస్తాను. మన ‘కురచ’, జర్మన్ ‘కుర్ట్స్’, ఇంగ్లీష్ ‘కర్ట్’. మూడిటికీ అర్థం పొట్టి. శబ్దమూ ఒకేలా ఉంది. చుట్టాలని ఎవరైనా బల్లగుద్ది చెప్పొచ్చు. కానీ జర్మన్ మాటా ఇంగ్లీష్ మాటా లాటిన్ ‘కుర్టుస్’ నుంచి వెళ్లినవి, మన కురచ అచ్చ ద్రావిడం, తమిళంలోనూ కన్నడంలోనూ దాని అక్కచెల్లెళ్లు ఉన్నారు. కాబట్టి ఒకేలా వినబడే కురచా కుర్ట్సూ ఏమీ కావు, ఏమాత్రం పోలికలేని మెర్రీ, ముహూర్తం మాత్రం ఒక ఇంటివి. మొహాలు చూసి చుట్టరికం కలిపేస్తే ఇలాగే అవుతుంది.

మిగతా చుట్టాల్ని గబగబా చూసేద్దాం. లాటిన్ బ్రెవిస్ నుంచి బ్రీఫ్, బ్రీఫ్‌కేస్, అబ్రీవియేషన్. గ్రీకులో ‘బ్రఖియోన్’ అంటే భుజానికీ మోచేతికీ మధ్య భాగం, ముంజేతికంటే పొట్టిది కాబట్టి ఆ పేరు అంటారు. దాన్నుంచి చేతికి పెట్టుకునే బ్రేస్‌లెట్, చేతులు చాచి చేసే ఎంబ్రేస్, బ్రా, చేతులు కట్టుకున్నట్టు మెలితిప్పి కాల్చే ప్రెట్జెల్ రొట్టె. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎయిర్‌పోర్టులో కొనుక్కునే ఆ ఉప్పటి ప్రెట్జెల్‌కీ పెళ్లి ముహూర్తానికీ చుట్టరికం ఉందని ఎవరికైనా చెప్పి చూడండి, మీ మొహం కేసి ఎలా చూస్తారో.

వీటిలో ఒకటి మాత్రం ఆగి చూడదగ్గది. లాటిన్‌లో ‘బ్రూమ’ అంటే శీతకాలంలో పగలు అన్నిటికంటే కురచగా ఉండే రోజు. రోమన్ పండితుడు వర్రో క్రీస్తుపూర్వమే రాశాడు, ఆ రోజు పగలు అతి కురచ కాబట్టి బ్రూమ అంటారని. ఇప్పుడు మనం డిసెంబర్ 21, 22 అనుకునే ఆ రోజుని పాత జూలియన్ క్యాలెండర్‌లో రోమన్లు డిసెంబర్ 25న లెక్కపెట్టేవాళ్లు. అంటే ‘కురచ’ అనే మాట క్రిస్మస్ ముందుకి చేరకముందే, ఆ తేదీకి ‘కురచ’ వేరు నుంచి వచ్చిన పేరు ఒకటి ఉండేది. ఇది ఒట్టి కాకతాళీయం, దీన్ని పట్టుకుని ఇంకేదీ అల్లకండి. నేను అల్లాలనుకుని ఆగాను.

మళ్లీ ఇంగ్లండ్‌కి. మధ్యయుగాల్లో మెర్రీ బాగా తిరిగింది. దేశానికి ‘మెర్రీ ఇంగ్లండ్’ అన్నారు, హాయిగా ఉండే నేల అనే పాత అర్థంలోనే. రాబిన్‌హుడ్ వెంట ఉండేవాళ్లు ‘మెర్రీ మెన్’, వాళ్లు రోజంతా పకపకా నవ్వుతుంటారని కాదు, నాయకుడి వెంట నడిచే అనుచరుల్ని అలా అనడం అప్పటి వాడుక. ‘ఎంతమంది ఉంటే అంత మెర్రీ’ అనే సామెత 14వ శతాబ్దపు కవిత్వంలోనే ఉంది. 1546లో జాన్ హేవుడ్ సామెతల్ని పోగేసినప్పుడు దానికి ఒక తోక కూడా కలిసింది: మంది పెరిగితే సరదా పెరుగుతుంది నిజమే, కానీ మంది తగ్గితే భోజనం బాగుంటుంది. ఆ తోక ఇప్పుడు ఇంగ్లీష్ వాళ్లు మర్చిపోయారు. మనం మాత్రం ఆ తోక ఒక్కటే దాచుకున్నాం, మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని.

ఇక తాగుడు. మెర్రీ అంటే ‘కాస్త ఎక్కింది’ అనే అర్థం కూడా పాతదే. తిని తాగి మెర్రీగా ఉండటం అనే జత 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో చాలాచోట్ల వస్తుంది. ఐగుప్తులో యోసేపు ఇంట్లో అన్నదమ్ములు తాగి మెర్రీగా ఉన్నారంటుంది ఆదికాండం. లూకా సువార్తలో ధనవంతుడు ఇంకా చాలా ఏళ్లకి సరిపడా ఉంది, తిను, తాగు, మెర్రీగా ఉండు అని తన ప్రాణానికి తానే చెప్పుకుంటాడు, ఆ రాత్రే దేవుడు ప్రాణం అడిగేస్తాడు. అదే బైబిల్‌లో సామెతల గ్రంథంలో ‘మెర్రీ హార్ట్’ మందులా పనిచేస్తుందని ఉంటుంది, తెలుగులో ‘సంతోషముగల మనస్సు ఆరోగ్యకారణము’ అని చదువుకునేది అదే. ఒకే మాట ఒక పేజీలో ఆరోగ్యం, ఇంకో పేజీలో మత్తు.

ఈ రెండు ముఖాల మధ్యే తర్వాతి గొడవంతా. 1640ల్లో ఇంగ్లండ్‌లో ప్యూరిటన్లది, అంటే మహా నిష్ఠాపరులైన ప్రొటెస్టెంట్లది, పైచేయి అయింది. క్రిస్మస్ పేరుతో తాగి తందనాలాడుతున్నారని వాళ్ల బాధ, బైబిల్‌లో ఆ పండగ ఎక్కడుంది అని ఇంకో బాధ. 1647లో పార్లమెంటు చట్టం చేసి క్రిస్మస్ పండగనే రద్దు చేసింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక పండగా తిరిగొచ్చింది. ఆ తిరిగొచ్చిన రాజు రెండో ఛార్లెస్ ముద్దుపేరు ‘మెర్రీ మోనార్క్’. ప్రియురాళ్లు, నాటకాలు, గుర్రప్పందాలు, ఆయన ఎందుకు మెర్రీయో వేరే చెప్పక్కర్లేదు.

మన ఫోన్లలో ఉన్న మెసేజ్ మాత్రం విక్టోరియా కాలంలో గట్టిపడింది, అందులోనూ ఒకే సంవత్సరంలో రెండు దెబ్బలకి. 1843లో ఛార్లెస్ డికెన్స్ క్రిస్మస్ మీద రాసిన చిన్న నవల వచ్చి విపరీతంగా చదివించింది. అదే ఏడాది హెన్రీ కోల్ అనే లండన్ అధికారి, అందరికీ ఉత్తరాలు రాసే ఓపికలేక, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక కార్డు గీయించి అచ్చువేయించాడు. అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదే, ధర ఒక షిల్లింగు. మీద అచ్చయిన మాటలు: ‘ఎ మెర్రీ క్రిస్మస్ అండ్ ఎ హ్యాపీ న్యూ ఇయర్ టు యు’. మెర్రీ ఇటు, హ్యాపీ అటు, ఆ పంపకం నూట ఎనభై ఏళ్లుగా అలాగే నడుస్తోంది. ఆ కార్డు మీద గొడవ కూడా అయింది. బొమ్మలో కుటుంబమంతా వైన్ గ్లాసులు పట్టుకుని ఉంటారు, ఒక చిన్నపిల్లకి కూడా తాగిస్తుంటారు, మద్యనిషేధం కోరేవాళ్లకి ఒళ్లు మండింది. మెర్రీలోని మత్తు వాసన అక్కడా వదల్లేదు.

బ్రిటన్‌లో చాలామంది ఇప్పటికీ ‘హ్యాపీ క్రిస్మస్’ అంటారు, రెండో ఎలిజబెత్ రాణి కూడా ఎక్కువగా అదే అనేవారు. మెర్రీలో ఆ తాగుడు ధ్వని ఉండటమే కారణమని కొందరి మాట. అమెరికా మెర్రీని గట్టిగా పట్టుకుంది, మనకి సినిమాల ద్వారా, కార్డుల ద్వారా వచ్చింది ఎక్కువగా అదే. తమాషా ఏంటంటే సాంటాక్లాజ్ రూపాన్ని అమెరికాలో పాతుకునేలా చేసిన 1823 నాటి పద్యం చివర్లో సాంటా చెప్పేది ‘హ్యాపీ క్రిస్మస్’. తర్వాత అచ్చువేసినవాళ్లలో కొందరు దాన్ని ‘మెర్రీ’గా మార్చేశారు.

పాత మెర్రీ అర్థం తెలియకపోతే ఏమవుతుందో చూపించే క్రిస్మస్ గీతం ఒకటుంది, ‘గాడ్ రెస్ట్ యు మెర్రీ, జెంటిల్‌మెన్’. చాలామంది దీన్ని ‘ఓ మెర్రీ జెంటిల్‌మెన్, దేవుడు మీకు విశ్రాంతి నిచ్చుగాక’ అని అర్థం చేసుకుంటారు. కామా మెర్రీ తర్వాత పడాలి. ఇక్కడ రెస్ట్ అంటే విశ్రాంతి కాదు, ‘ఉంచు’. అయ్యలారా, దేవుడు మిమ్మల్ని చల్లగా ఉంచుగాక, అంతే. ‘రెస్ట్ యు మెర్రీ’ అనేది షేక్‌స్పియర్ కాలంలో వీడ్కోలు చెప్పేటప్పుడు మామూలుగా అనే మాట, ‘రోమియో అండ్ జూలియెట్’లో ఒక నౌకరు కూడా అంటాడు. మన ‘చల్లగా ఉండు నాయనా’కి సరిగ్గా సరిపోతుంది. ఒక్క కామా జరిగితే దీవెన కాస్తా, తాగిన పెద్దమనుషుల్ని పడుకోబెట్టే పాటయిపోతుంది.

ఇప్పుడు మెర్రీ మిగిలింది ఇలా గడ్డకట్టిన జతల్లోనే. మనం రంగులరాట్నం అనే దాన్ని వాళ్లు మెర్రీ-గో-రౌండ్ అంటారు. కోడి రొమ్ము దగ్గర రెండు పాయలుగా ఉండే ఎముకని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగే ఆట ఉంది కదా, విష్‌బోన్ అంటారు, దానికి అంతకంటే చాలా పాత పేరు ‘మెర్రీథాట్’. పెద్ద ముక్క వచ్చినవాళ్లకి ముందు పెళ్లవుతుందని నమ్మకం. మెర్రీలోంచి పెళ్లి వచ్చింది కదా అని ‘మ్యారీ’ అనే మాటని కూడా దీనికి ముడిపెట్టకండి, అది లాటిన్‌లో భర్త అనే మాట నుంచి వచ్చింది. అమెరికాలో చాలామంది నోట మెర్రీ, మ్యారీ, మేరీ మూడూ ఒకేలా పలుకుతాయి. అక్కడ ఉండే తెలుగువాళ్లని అడగండి, మూడిటికీ మూడు రకాల గుణింతం ఉన్న మన చెవికి అది ఎంత గందరగోళమో చెబుతారు.

ఇంతకీ క్రిస్మస్‌కి మెర్రీని ఎవరు తగిలించారు? నోటి మాటగా ఎప్పుడు మొదలైందో పట్టుకోవడం కుదరదు కానీ, రాతలో మిగిలిన తొలి దాఖలాల్లో పేరున్నది 1534 డిసెంబర్ 22 నాటి ఉత్తరం. రాసింది రోచెస్టర్ బిషప్ జాన్ ఫిషర్, రాసింది ఎవరికంటే ఎనిమిదో హెన్రీ రాజుకి కుడిభుజం లాంటి థామస్ క్రామ్వెల్‌కి. కూర్చుని రాసింది లండన్ టవర్ ఖైదులో. రాజు మొదటి భార్యని వదిలి ఆన్ బొలీన్‌ని చేసుకున్నాడు, ఆ పెళ్లికి పుట్టినవాళ్లే వారసులని అందరూ ప్రమాణం చెయ్యాలన్నాడు, ఫిషర్ చెయ్యనన్నాడు, ఏప్రిల్‌లో లోపలేశారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. ఉత్తరంలో అడిగినవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒంటిమీదకి చొక్కా లేదు, దుప్పటి లేదు, ఉన్న బట్టలు సిగ్గుపడేంత చిరిగిపోయాయి, తిండి ఎంత తక్కువో దేవుడికే తెలుసు, ఈ వయసులో ఈ కడుపుకి కొన్ని రకాలే పడతాయి అంటాడు. పండక్కి పాపం ఒప్పుకోవడానికి ఒక గురువుని, భక్తికి కొన్ని పుస్తకాల్ని ఇప్పించమంటాడు. చివర్లో, తనని అక్కడ మగ్గబెట్టిన మనిషికే, ప్రభువు మీకు మెర్రీ క్రిస్మస్ ఇచ్చుగాక, మీ మనసు కోరినంత ఊరటగా ఉండుగాక అని ముగిస్తాడు.

ఆ మెర్రీలో తాగుడూ లేదు, నవ్వులాటా లేదు. రోజు గడవని చోట కూర్చుని రాసిన మెర్రీ అది. సరిగ్గా ఆరు నెలలకి, 1535 జూన్ 22న, టవర్ హిల్ మీద ఆయన తల తీశారు.